పెండ్లికూతురి తల్లి: నడివయసులో సన్నబడాలన్న ఒత్తిడి, ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి ఆమె సమ్మతించారు. ఊరు, ఉద్యోగం, కుటుంబం వివరాలను గుర్తుపట్టలేనంతగా మార్చాను. ముసాయిదా చదివి ఆమె ఒకచోట దిద్దుబాటు చెప్పారు. అది వచ్చినచోటే చెబుతాను.

నేపథ్యం

నేను నల్లగొండలో మానసిక వైద్యురాలిని. నా దగ్గరకు వచ్చే నడివయసు స్త్రీలు సాధారణంగా నిద్ర పట్టడం లేదనో, గుండె దడగా ఉందనో, ఒళ్లంతా నొప్పులనో వస్తారు. తిండి గురించీ ఒంటి తీరు గురించీ తామై చెప్పినవారు అరుదు. ఆహారానికి సంబంధించిన మానసిక రుగ్మత అనగానే మాకు చదువులో చూపించిన బొమ్మ ఒకటుంది: కాలేజీ వయసు పిల్ల, బొమికలు తేలిన శరీరం. ఆ బొమ్మలో ఇమడని మనిషి ఎదురుగా కూర్చుని తన జబ్బును తానే వివరిస్తున్నా, దాన్ని పోల్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈ కేసు రాయడానికి మొదటి కారణం అదే.

ఆమెకు 48 ఏళ్లు, ఎత్తు 154 సెంటీమీటర్లు. ఇద్దరు పిల్లల్లో పెద్దది ఆడపిల్ల. తొమ్మిదేళ్లుగా థైరాయిడ్ తక్కువగా ఉండటంతో రోజూ పరగడుపున 75 మైక్రోగ్రాముల థైరాక్సిన్ మాత్ర వేసుకుంటున్నారు. ఏడాదిగా నెలసరి క్రమం తప్పింది. వచ్చినప్పుడు ఎక్కువగా పోతున్నది. తల్లికి షుగర్ ఉండేది, చివరి రోజుల్లో కాలివేలు తీసేయవలసి వచ్చింది. పుట్టిపెరిగిన ఊళ్లో తాగింది బోరునీళ్లే. కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చేసరికి ఆమెకు పెండ్లై ఊరు విడిచి చాలా ఏళ్లయింది. మోకాళ్ల నొప్పులు నాలుగైదేళ్లుగా ఉన్నాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మనిషి నొప్పులంటే ముంజేతి ఎక్స్‌రే తీయించి, రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందేమో చూడటం మా జిల్లాలో పాత అలవాటు. ఈమెకు ఎవరూ తీయించలేదు. బరువు కంటికి కనిపించింది కాబట్టి బరువే కారణమైపోయింది, ‘తగ్గండి’ అన్న ఒక్క మాటే చీటీ అయింది.

నా దగ్గరకు రావడానికి ఏడు నెలల ముందు, కార్తీకంలో, కూతురికి సంబంధం కుదిరి నిశ్చితార్థం జరిగింది. పెండ్లి ఆ మరుసటి ఏడు మాఘంలో అనుకున్నారు. నిశ్చితార్థం నాటికి ఆమె బరువు 71 కిలోలు. ఆ మర్నాడే రాత్రి అన్నం మానేశారు. తరువాత ఒక స్నేహితురాలి వెంట, పొద్దున్నే పొడి కలిపిన పానీయం తాగి, బరువు తూచుకొని, ఆ అంకెను వాట్సాప్ గ్రూపులో పెట్టే ఒక కేంద్రంలో చేరారు. రెండు నెలల తరువాత అది మానుకున్నారు గానీ ఇంటికొక తూకం మిషన్ వచ్చింది. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దులు మొదలయ్యాయి, ఏకాదశులు వేరు.

వచ్చిన సమస్య

జూన్‌లో భర్త వెంట వచ్చారు. ఒక జనరల్ ఫిజీషియన్ ఆందోళన, నిద్రలేమి అని రాసి పంపారు. భర్త చెప్పింది ఇది: “రాత్రి మూడింటికి లేచి డాబా మీద నడుస్తది మేడం. ఏమన్నంటే ‘హెల్త్ కోసం’ అంటది. ఊకె చిరాకు వడ్తది. చేతులు వణుకుతున్నయ్.” ఆమె మాత్రం చిన్నగా నవ్వి, “నిద్రొక్కటి వస్తే చాలు మేడం, మిగతాదంత మంచిగనే ఉన్నది. పద్నాలుగు కిలోలు తగ్గిన,” అన్నారు. “మంచిదే,” అన్నాను నేను. కేసు కాగితంలో ‘బరువు తగ్గడం: సొంత ప్రయత్నంతో’ అని రాసి, ఆందోళన పడనక్కర్లేని అంశంగా దానికి టిక్కు కూడా పెట్టాను.

అప్పటికి బరువు 57 కిలోలు, నాడి నిమిషానికి 104, డిప్రెషన్ కొలిచే పీహెచ్‌క్యూ-9లో 27కు 14. ఆత్మహత్య ఆలోచనలు లేవు. నెలసరి ఆగిపోయే దశలో వేడి ఆవిర్లు, నిద్ర తెగిపోవడం, చిరాకు మామూలే. ఇంట్లో పెండ్లి పనుల ఒత్తిడి కూడా ఉంది. ఐదు నెలల కిందటి థైరాయిడ్ రిపోర్టు సాధారణంగా ఉండటంతో మళ్లీ చేయించలేదు. నెలసరి మార్పులతో కలిసిన డిప్రెషన్ అనుకొని, నిద్రకూ దిగులుకూ కలిపి పనికొస్తుందని రాత్రికి 7.5 మిల్లీగ్రాముల మిర్టజపైన్ రాశాను. ఆకలి పెంచే మందు కాబట్టి తగ్గిన ఆకలికి కూడా మేలే అనుకున్నాను. ఆకలి తగ్గిందా, ఆకలిని తొక్కిపెడుతున్నారా అని అడగాలన్నది ఆనాడు తోచలేదు.

పది రోజులకు మళ్లీ వచ్చారు. నాలుగు మాత్రలు వేసుకొని మానేశారట. దుష్ఫలితాలేవో అనుకొని అడిగితే, నిద్ర బాగానే పట్టిందని ఒప్పుకొని, “ఆరు వందల గ్రాములు పెరిగిన మేడం,” అన్నారు. నెలల తరబడి నిద్ర కోసం తపించిన మనిషి, నిద్రపట్టించిన మందును ఆరు వందల గ్రాముల కోసం వదులుకున్నారు. ఆ మాట దగ్గర కలం కింద పెట్టాను. రోజుకు ఎన్నిసార్లు తూచుకుంటారని అడిగితే, లేవగానే, దొడ్డికి పోయొచ్చాక, స్నానం ముందు, ఆఫీసు నుంచి రాగానే, పడుకునే ముందు అని లెక్క చెప్పారు. గ్రాముల్లో మార్పు నీళ్లదని ఆమెకు తెలుసు. “తెలుసు గాని మిషన్ ఎక్కకుంటే దినం మొదలుగాదు,” అన్నారు.

మళ్లీ మొదటినుంచి అడిగినప్పుడు

భర్తను బయట కూర్చోబెట్టి చరిత్రను మొదటినుంచి తీసుకున్నాను. ఒక్కపొద్దుల గురించి అడిగేటప్పుడు జాగ్రత్త కావాలి. మొక్కును జబ్బు అన్నట్టు వినబడితే ఆ మనిషి మళ్లీ గడప తొక్కరు. అందుకే ఎందుకు ఉంటున్నారని కాకుండా, ఒక్కపొద్దు ఎట్లా విడుస్తారని అడిగాను. మా ప్రాంతంలో ఒక్కపొద్దు అంటే పగలంతా ఉండి, పొద్దుగూకినాక దీపం పెట్టుకొని ఆ ఒక్కపూట నిండుగా భోంచేయడం. అందులో పస్తుతోపాటు భోజనమూ ఉంది. ఈమె గ్లాసుడు పలుచటి మజ్జిగతో విడుస్తున్నారు. రెండో ప్రశ్న, బయటున్న రోజుల్లో ఏం చేస్తారని. నెలసరిలో దీపం ముట్టరు, పూజ చేయరు. మొక్కు దానంతటదే ఆగుతుంది. ఈమె ఆ వారాల్లోనూ తినలేదు. ఆ జవాబు చెప్పాక ఆమె కాసేపు మౌనంగా ఉండి, “అంటే దేవునికి గాదన్నట్టే గదా,” అన్నారు. ఆ మాట నేను అనవలసిన అవసరం రాలేదు.

మామూలు రోజుల్లో తిన్నది రాయించి లెక్కవేస్తే 700 కేలరీలకు కాస్త అటూఇటూ వచ్చింది. వారంలో రెండు మూడు రాత్రులు పదకొండు దాటాక లైటు వేయకుండా వంటింట్లో నిలబడి, గిన్నెలో మిగిలిన అన్నంలో మామిడికాయ తొక్కు కలుపుకొని గబగబా తింటారు. ఆ తరువాతే డాబా మీద నడక. ముసాయిదాలో ఇక్కడ ‘దొంగచాటుగా’ అని రాశాను. దాన్ని చదివి ఆమె, “దొంగతనమేంది మేడం, నా ఇంట్ల నా అన్నమే గదా,” అన్నారు. ఆ పదం తీసేశాను. ఏడు నెలల కిందట ఆ మాట ఆమె నోట వచ్చేది కాదు.

ఇంకో రెండు సంగతులు. రోజూ పొద్దున తలుపేసుకొని, ఇరవై తొమ్మిదేళ్ల కిందటి పెండ్లి జాకెట్టును తొడిగి హుక్కులు ఎంతవరకు వస్తున్నాయో చూసుకుంటారు. ఇక తాను తినకపోయినా వండటం మాత్రం పెరిగింది: సకినాలు, మలీద ముద్దలు చేసి వాడకట్టంతా పంచుతారు, అర్ధరాత్రి దాకా వంటల వీడియోలు చూస్తారు. 1944, 45లలో అమెరికాలోని మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలపాటు రోజుకు సుమారు 1,570 కేలరీలే ఇచ్చి గమనించారు. వాళ్లలోనూ ఇదే జరిగింది: రోజంతా తిండి ధ్యాస, వంటపుస్తకాలు పోగుచేయడం, చిరాకు, దిగులు, మనుషులకు దూరం జరగడం. ఈమెకు అది చెప్పినప్పుడు ముఖంలో కనిపించింది ఊరట. తనకు బుద్ధి చెదిరిందని, తిండిపోతుతనం లోపల దాక్కొని ఉందని అనుకుంటున్నారు. ఆకలి చేసే పనులకు తన గుణాన్ని నిందించుకుంటున్నారని అప్పుడు అర్థమైంది.

రోగనిర్ధారణ దగ్గర కాస్త తర్కించుకోవలసి వచ్చింది. రాత్రి తిండిని చూసి బులీమియా, అంటే అదుపు తప్పి అతిగా తిని, బరువు పెరగకుండా దానికి విరుగుడు చేసుకునే రుగ్మత అనవచ్చు; బరువు పెరగకుండా థైరాయిడ్ హార్మోను వాడటం వరకూ ఆ రుగ్మతలో తెలిసినదే, అయితే ఈమె అది చేస్తున్న సంగతి అప్పటికి నాకు తెలియదు. కానీ పగలంతా పస్తున్న మనిషి రాత్రి తిన్న రెండు గరిటెల అన్నం, తనకు ఎంత అదుపు తప్పినట్టు అనిపించినా, పరిమాణంలో ఎక్కువేం కాదు. శరీర బరువులో దాదాపు ఐదో వంతు పోయినా, ఇంకా లావేనన్న భయం తగ్గలేదు, తన విలువంతా తూకం మీదే నిలబడింది. లావవుతామన్న భయంతో తిండి మాని బాగా చిక్కిపోయే రుగ్మత అనోరెక్సియా. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ పుస్తకం ప్రకారం, బరువు మామూలు హద్దులోనో పైనో ఉండి మిగతా లక్షణాలన్నీ ఉంటే దాన్ని ఎటిపికల్ అనోరెక్సియా అంటారు. అదే రాశాను.

ఫలించనివి

మొదట బీఎమ్ఐ, అంటే ఎత్తును బట్టి బరువును అంచనా కట్టే లెక్క, పటం చూపించాను. 57 కిలోలకు ఆమె బీఎమ్ఐ 24. పాశ్చాత్య లెక్కలో మామూలే. ఇప్పటికే సరిపడా ఉన్నారని అంకెతో నమ్మించవచ్చనుకున్నాను. ఆమె ఫోనులో అప్పటికే చూసి వచ్చారు: మన దేశపు శరీరాలకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. “ఇంక రెండున్నర కిలోలు తగ్గాలె గదా మేడం?” లెక్క తప్పు కాదు. జనాభా మొత్తం మీద షుగర్, గుండెజబ్బుల ముప్పు అంచనాకు పెట్టిన గీతను, ఆకలితో ఉన్న ఒక మనిషి మందుచీటీగా చదువుకుంటే ఏమవుతుందో మాత్రం నేను ముందే ఆలోచించి ఉండవలసింది. అంకెతో బాధపడుతున్న మనిషికి ఇంకో అంకె ఇచ్చాను.

తరువాత భర్తను పిలిచి, ఆమె తింటున్నారో లేదో కాస్త కనిపెట్టుకోమన్నాను. మంచి మనిషి, చెప్పింది చెప్పినట్టు చేశారు. రెండు వారాల్లో ఆ ఇంట్లో కంచం ముందు పంచాయితీ మొదలైంది. ఎన్ని ముద్దలు తిన్నదీ అత్తగారు కూడా లెక్కపెట్టసాగారు. ఆమె ఆఫీసుకు తీసుకెళ్లిన టిఫిన్‌ను అటెండరుకు ఇచ్చి ఖాళీ డబ్బా చూపించడం నేర్చుకున్నారు. పదిహేనేళ్ల పిల్లకు తల్లిదండ్రులు కాపలా ఉండటం కొన్నిచోట్ల పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ తానే వడ్డించిన మనిషికి కాపలా పెట్టడమంటే ఆమె పెత్తనాన్ని లాక్కోవడమే. భర్తను పిలిచి, ఆ పనినుంచి నేనే విడుదల చేశాను.

మూడోది, “ఈ వయసులో అందం గురించి ఇంత బాధ ఎందుకమ్మా” అన్న ధోరణిలో నేను మాట్లాడిన ఒక సిట్టింగ్. ఆమె మర్యాదగా తల ఊపి, తరువాతి అపాయింట్‌మెంట్‌కు రాలేదు.

మందుల చీటీలు

ఆమె తిరిగి వచ్చింది దడ ఎక్కువైనందుకు. ఇక్కడ నన్ను మొదటినుంచీ గిచ్చవలసిన ఒక సంగతి ఉంది. చాలినంత తిండి లేని శరీరం పొదుపు మొదలుపెడుతుంది. నాడి నెమ్మదిస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఈమెకు నాడి 104, చేతుల్లో వణుకు, చెమటలు. ఆకలి ఒక వైపు లాగుతుంటే ఇంకేదో అంతకన్నా బలంగా రెండో వైపు లాగుతున్నది. వాడుతున్న మందులన్నీ సీసాలతో, బిల్లులతో సహా తెమ్మన్నాను. వంద మాత్రల థైరాక్సిన్ సీసా వంద రోజులు రావాలి. ఒక బిల్లుకూ తరువాతి బిల్లుకూ మధ్య 49 రోజులే ఉన్నాయి.

బిల్లులు ముందు పెట్టి నిలదీయలేదు. నిలదీస్తే అబద్ధం చెప్పాల్సిన స్థితిలోకి మనమే నెడతాం. “బరువు తగ్గుతుందని థైరాయిడ్ మాత్ర ఎక్కువ వేసుకునేవాళ్లు నా దగ్గరకు వస్తుంటారు. మీరెప్పుడైనా వేసుకొని చూశారా?” అని అడిగాను. ఫిబ్రవరి నుంచి రోజూ రెండు అన్నారు. మాత్ర మొదలుపెట్టిన కొత్తల్లో ఒళ్లు కాస్త తేలికయ్యిందని గుర్తుంది, ఒకటి పనిచేస్తే రెండు ఇంకా పనిచేస్తాయి గదా అనుకున్నారు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైతే పడిపోయే టీఎస్‌హెచ్ పరీక్షలో 0.03కు దిగి ఉంది. ఈసీజీలో వేగం తప్ప లయ తప్పలేదు, అదృష్టం. హిమోగ్లోబిన్ 9.8, విటమిన్ డి తక్కువ, పొటాషియం, ఫాస్ఫేట్ మామూలు. ఇదంతా మొదటి రోజే చేయించి ఉంటే నాలుగు వందల రూపాయల థైరాయిడ్ పరీక్ష నాకు ఏడు వారాలు మిగిల్చేది.

థైరాక్సిన్ ఎక్కువైతే గుండె లయ తప్పే ప్రమాదమే కాక ఎముక అరిగిపోతుంది, నెలసరి ఆగే వయసులో మరీనూ. ఈమె పాలు పెరుగు మానేసి కాల్షియం కూడా తగ్గించుకున్నారు. కాల్షియం లేమి ఉన్నచోట ఫ్లోరైడ్ చేసే చేటు ఎక్కువ. ముంజేతి ఎక్స్‌రే ఇప్పుడు తీయిస్తే స్వల్ప మార్పులు కనిపించాయి. మా జిల్లా వైద్యులకు ఒక మాట: ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దిట్టంగా కనిపించి కూడా పెళుసుగా ఉండవచ్చు, కాబట్టి ఎముక సాంద్రత అంకె బాగుందని ధైర్యపడకూడదు.

మాత్రను 75కు దించే ముందు, బరువు రెండు మూడు కిలోలు పెరుగుతుందని, అందులో నీరే ఎక్కువని, ఏయే వారాల్లో పెరగవచ్చో కూడా కాగితం మీద రాసి ఇచ్చాను. చెప్పకుండా దించితే, పెరిగిన మొదటి కిలోతోనే సీసా మళ్లీ తెరుచుకునేది. దడ తగ్గేదాకా కొన్ని వారాలు ప్రొప్రనొలాల్ ఇచ్చాను. డిప్రెషన్‌కు మందు మాత్రం కావాలనే ఆపి ఉంచాను: దిగులులో ఆకలిది ఎంత, థైరాయిడ్‌ది ఎంత, మిగిలేది ఎంత అన్నది ఆరువారాలు తిన్నాక గానీ తేలదు. ప్రాణహాని ఆలోచనలు లేవు కాబట్టి ఆ నిరీక్షణకు సాహసించాను. ఆరువారాలకు పీహెచ్‌క్యూ-9 ఆరుకు దిగింది. మందు అవసరం పడలేదు.

సామెత

ఇంత జరిగాక గానీ అసలు ప్రశ్న అడగలేదు: సన్నబడితే ఏం జరుగుతుంది? ఆమె చెప్పింది అందం గురించి కాదు. నిశ్చితార్థం నాడు మగపెండ్లివారి వైపు పెద్దావిడ ఒకరు, నవ్వుతూనే, ఈమెను పైనుంచి కిందిదాకా చూసి, “తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను” అన్నారట. అందరూ నవ్వారు, ఈమె కూడా నవ్వారు. కొంతసేపటికి ఫొటోగ్రాఫర్ ఈమెను కుర్చీ వెనక్కి జరిపాడు. రేపు తన బిడ్డ ఎట్లా తయారవుతుందో చూపించే నమూనాగా తన ఒళ్లు ఆ ఇంటివాళ్ల ముందు నిలబడిందని, ఆ నమూనాను మాఘం లోపల దిద్దాలని ఆమె ఆ రాత్రే నిర్ణయించుకున్నారు. ‘ఈ వయసులో అందమెందుకు’ అన్న నా మాట ఎంత దూరంగా పడిందో అప్పుడు తెలిసింది. ఆమె తిండి మానింది బిడ్డ కోసం. తల్లి తన బాధ్యత నెరవేరుస్తుంటే డాక్టరు వచ్చి సోకు అన్నట్టయింది.

దాని వెనక ఇంకోటి బయటపడింది. పంతొమ్మిదేళ్లకు కాపురానికి వచ్చినప్పుడు ఆమె 44 కిలోలు. బక్కపీనుగను తెచ్చుకున్నామని అత్తింట్లో సున్నుండలు మేపారు. పీలగా ఉంటే పుట్టింటివాళ్లు కడుపుకు పెట్టలేదన్నట్టు లెక్క. “అప్పుడు కంచంల ఎక్కువేసిండ్రు, ఇప్పుడు తీసేస్తుండ్రు. రెండుసార్లు నన్నయితే అడగలే,” అన్నారు. తరువాతి సిట్టింగులు చాలావరకు ఆ వాక్యం చుట్టూ నడిచాయి.

ఫలించినవి

మొదటి పని తిండికి గడియారం పెట్టడం. ఎంత తినాలన్నది పక్కన పెట్టి, నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉండకూడదన్న ఒక్క నియమం పెట్టుకున్నాం. ఆరింటికి థైరాక్సిన్, ఎనిమిదింటికి జొన్నరొట్టె లేదా ఉప్మా, పదకొండింటికి గుప్పెడు పల్లీలో బత్తాయో, ఒంటిగంటన్నరకు డబ్బా అన్నం పప్పు, ఐదింటికి ఛాయ్‌తో గుగ్గిళ్లు, రాత్రి ఎనిమిదిన్నరకు భోజనం. ఐరన్, కాల్షియం మాత్రలు థైరాక్సిన్‌కు నాలుగు గంటల దూరంలో. మాంసకృత్తులు ఆమె లెక్కలో రోజుకు పాతిక గ్రాములు కూడా లేవు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కిలోకు 0.83 గ్రాముల లెక్కన ఆమెకు 47 కావాలి. పప్పు, పెరుగు, గుడ్డుతో అక్కడికి చేరాం. మొదటి పది రోజులు కడుపుబ్బరం అని బాధపడ్డారు. మూడో వారానికి రాత్రి తిండి వారానికి ఒకసారికి తగ్గింది, ఏడో వారానికి ఆగింది. దాన్ని ఆపమని నేను ఒక్కసారీ చెప్పలేదు. పగలు తిన్న ఒంటికి రాత్రి లేవవలసిన పని పడదు.

ఒక్కపొద్దుల దగ్గర ఆమెదే నిర్ణయం. మూడింటిలో ఏది నిజంగా మొక్కిన మొక్కు అని అడిగితే, శనివారం ఒక్కటే అన్నారు. కొడుకు పుట్టినప్పటినుంచీ ఉంటున్నది. మిగతా రెండూ నిశ్చితార్థం తరువాత పుట్టినవి. వాళ్ల ఇంటి పురోహితుడిని ఆమే అడిగి వచ్చారు: మందులు వాడేవాళ్లు పాలు, పండ్లు తీసుకోవచ్చని, సాయంత్రం భోజనం విడవకూడదని ఆయన చెప్పారు. నేను చెబితే డాక్టరు మాట, ఆయన చెబితే మొక్కులో భాగం.

తూకం మిషన్ నా క్లినిక్‌కు వచ్చింది. వారానికొకసారి, ఇద్దరం కలిసి చూసి, నాలుగు వారాల గీత గీశాకే దాని గురించి మాట్లాడాలని ఒప్పందం. అసలు తూచకుండా మానిపించవచ్చు గానీ, చూడకుండా దాచిన అంకె ఇంకా పెద్దగా భయపెడుతుందని నా అనుభవం. మోకాళ్లకు నడక తగ్గించి, కుర్చీలో కూర్చుని తొడ కండరాలకు బలమిచ్చే వ్యాయామం పెట్టాం. పెండ్లి జాకెట్టు విషయం ఆమె చాలాకాలం ముట్టుకోనివ్వలేదు.

కూతురిని ఒకసారి పిలిచాం. సామెత సంగతి ఆ పిల్లకు తెలియదు. విని ఏడ్చి, తరువాత కోపంగా, “అమ్మా, నువ్వు నాకోసం తినుడు బందు వెడితే, రేపు నేను ఎవరికోసం బందు పెట్టాలె?” అంది. తల్లి జవాబు చెప్పలేదు. ఆ వారం ఆమె తిన్నది రాసుకునే పుస్తకంలో ఒక్కపూట కూడా ఖాళీ లేదు.

దారి నేరుగా సాగలేదు. బతుకమ్మ తొమ్మిది రోజులు బాగా గడిచాయి. సద్దుల నాడు తాను చేసిన మలీద ముద్దను తానే తిన్నట్టు ప్రత్యేకంగా రాసుకొచ్చారు. పెండ్లికి మూడు వారాల ముందు, బట్టల కొలతలప్పుడు దర్జీ అంకె బయటికి చదవడంతో మళ్లీ రాత్రి భోజనం ఆగింది, ఐదు రోజులు. థైరాక్సిన్ సీసాను అప్పటికే భర్త దగ్గర ఉంచి, రోజుకో మాత్ర ఇచ్చే ఏర్పాటు ఉంది. ఈ కాపలా ఆమె కోరి పెట్టుకున్నది కాబట్టి గొడవ కాలేదు. కొలతలు ఇంటికి వచ్చి తీసి, అంకె నోటితో చెప్పని వేరే దర్జీని వెతుక్కున్నారు.

నేర్చుకున్నవి

నడివయసులో సన్నబడాలన్న ఒత్తిడి తన పేరుతో రాదు. షుగర్ భయంగా, మోకాలి నొప్పిగా, మొక్కుగా, బిడ్డ పెండ్లిగా వస్తుంది, వీటిలో ప్రతిదీ గౌరవమైన కారణమే. పైగా నిజమైన కారణమే కావచ్చు. ఈ వయసులో నడుము చుట్టూ కొవ్వు చేరడం, షుగర్ ముప్పు పెరగడం కల్పితాలేం కావు. అందుకే కారణం మంచిదా కాదా అని చూస్తే తేలదు. ఆ కారణం తీరిన రోజున, లేదా వర్తించని రోజున, తిండి తిరిగి వస్తున్నదా అని చూడాలి. నెలసరి రోజుల్లో కూడా ఆగని ఒక్కపొద్దు నాకు ఏ ప్రశ్నావళీ చెప్పనిది చెప్పింది. ఆహార రుగ్మతలకు వాడే స్కాఫ్ ప్రశ్నల్లో, ఇతరులు మీరు మరీ సన్నగా ఉన్నారంటున్నా మీకు లావుగా అనిపిస్తుందా అని ఒకటుంది. ఈమెను చూసి అందరూ ‘బక్కగైనవ్, మంచిగున్నవ్’ అని మెచ్చుకుంటుంటే ఆ ప్రశ్నకు ఆమె ఏమని జవాబు చెప్పాలి? మెచ్చుకున్నవారిలో మొదటి డాక్టరును నేనే.

ఇప్పుడు నా దగ్గర బరువు తగ్గామని ఎవరు చెప్పినా టిక్కు పెట్టను. ఎంతకాలంలో, ఎట్లా, ఆపగలరా అన్న మూడూ రాస్తాను. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లయితే సీసా ఎన్నాళ్లు వస్తున్నదో అడుగుతాను.

ప్రస్తుత స్థితి

మొదటి సందర్శనకు పద్నాలుగు నెలలయింది. బరువు 61 కిలోలు, ఐదు నెలలుగా అక్కడే ఉంది. పటం ప్రకారం అది ఊబకాయపు గడిలోకి కాస్త వస్తుంది. మూడు నెలల సగటు షుగర్, బీపీ మామూలుగా ఉన్నాయి కాబట్టి బరువు వెంట పడకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం, ఆర్నెల్లకోసారి పరీక్షలు చూస్తాం. టీఎస్‌హెచ్ 2.1, హిమోగ్లోబిన్ 11.9. నిద్ర ఆరు గంటలు.

పెండ్లి ఆల్బంను ఆమె ఇంకా తెరవలేదు. పెండ్లి జాకెట్టును మొన్న వచ్చినప్పుడు సంచిలో తెచ్చారు. లోపల వదిలిపెట్టిన కుట్లు రెండు విప్పించారట, అయినా పట్టదు. “పారెయ్యమంటరా?” అని అడిగారు. పారేయమనీ అనలేదు, ఉంచుకోమనీ అనలేదు. అది తొడిగి చూడని పొద్దులు వారంలో ఎన్ని ఉంటున్నాయో మాత్రం రాసుకురమ్మన్నాను. ఆ వారం నాలుగు.